తొమ్మిదో పోస్టు జెండా

ఎర్రజెండాలు లేచి పదకొండు నిమిషాలైంది. రేసు ట్రాక్ మీద ఒక్క బైకు చప్పుడు లేదు. ఎదురు స్టాండులో వేలమంది నిలబడే ఉన్నారు గానీ ఎవరూ మాట్లాడటం లేదు. మిట్ట అవతల అంబులెన్సు తలుపు వేసిన చప్పుడు తొమ్మిదో పోస్టు దాకా వినిపించింది.

"తొమ్మిదో పోస్టు, వినబడుతోందా," అంది వాకీటాకీ. "మీ లాగ్ షీటు మూసి పంపండి. ఎక్కడా ఖాళీ ఉండకూడదు."

"పంపుతున్నాను," అంది కోడలు.

ఆమె గొంతు వణకలేదు. వారంలో ఆరు రోజులు అంబులెన్సు కంట్రోల్ రూములో కూర్చుని, అవతలి మనిషి ఏడుస్తుంటే ఇంటి నంబరు అడిగి రాసుకోవడం ఆమె ఉద్యోగం. రేసులున్న ఆదివారాల్లో మాత్రం ఇక్కడ, జెండా ఊపే జీతం లేని మార్షల్‌గా. బండ్ల మీద పిచ్చి ఉన్నవాళ్ళే ఈ పనికి వస్తారు. టికెట్టు కొన్నవాళ్ళ కంటే ట్రాక్‌కి దగ్గరగా నిలబడే భాగ్యం కోసం ఎండలో ఎనిమిది గంటలు మాడతారు.

పోస్టులో ముగ్గురు. పెద్ద ఆమె మామగారు, లేత్ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. రెండోవాడు సెలూన్ నడుపుతాడు, ట్రాక్‌లో అందరికీ కత్తెర. మూడోది ఆమె. మొదటిరోజు ఎవరో ఫోర్‌మన్ గారి కోడలని పరిచయం చేశారు. ఎనిమిదేళ్ళయినా గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఆమె కోడలే.

షీటు మీద ఒక్క గడి ఖాళీగా ఉంది. ట్రాక్ చుట్టూ పద్నాలుగో ల్యాపు, పసుపు జెండా ఎవరి చేతిలో.

ఆ క్షణాన ఆమె షెడ్డు లోపల తల వంచుకుని పదమూడో ల్యాపు సంగతులు రాస్తోంది. చూడలేదు. చూడనిది రాయకూడదని కంట్రోల్ రూములో కొత్తవాళ్ళకి ఆమే పాఠం చెబుతుంది.

"మామయ్యా, పద్నాలుగులో జెండా ఎవరి దగ్గరుంది?"

మామయ్య ఆమె వైపు తిరగలేదు. మిట్ట వైపే చూస్తూ నిలబడ్డాడు. "కత్తెర దగ్గర. పదకొండు నుంచి పదిహేను దాకా వాడి వంతేగా. రాయి."

కంచె దగ్గర ఇసుక బస్తా మీద కూర్చున్న కత్తెర తలెత్తాడు. మామయ్య వీపు కేసి కాసేపు చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు.

"రాసెయ్ చెల్లెమ్మా," అన్నాడు.

ఆమె రాసింది.

తొమ్మిదో పోస్టు పనేమిటో తెలియనివాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, మిట్ట అవతల ఏముందో ఇవతల వచ్చేవాడికి చెప్పడం. పోస్టులో నిలబడి ఎడమకి చూస్తే దూసుకొచ్చే బండ్లు, అవి బ్రేకు వేసే వంద మీటర్ల బోర్డు కనిపిస్తాయి. కుడికి చూస్తే మిట్ట, దాని వెనక పల్లం. ఆ పల్లంలో ఎవడైనా పడితే వెనక వచ్చేవాడికి కనబడడు. పోస్టులో ఉన్నవాళ్ళకి మాత్రమే కనిపిస్తాడు. వాళ్ళు పసుపు జెండా ఊపితేనే వెనకవాడు వేగం తగ్గిస్తాడు. అందుకని జెండా పట్టుకున్న మనిషి కుడికి తప్ప మరో వైపు చూడకూడదు. ఐదేసి ల్యాపులకోసారి చేతులు మారుతుంది, అదే వంతు.

పద్నాలుగో ల్యాపులో నలభై నాలుగో నంబరు బండి పల్లంలో పడింది. జెండా లేవలేదు. మూడు సెకన్ల వెనక పదిహేడో నంబరు రేసరు వచ్చాడు. ఏమీ లేదనుకుని, పూర్తి వేగంతో మిట్ట దాటి, పడున్న బండిని గుద్దుకున్నాడు.

పదిహేడుకి పేరు లేక కాదు. మామాకోడళ్ళకి ఆ రేసరంటే ప్రాణం, ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా అతన్ని నంబరుతోనే పిలుస్తారు. "పదిహేడు తిన్నాడో లేదో" అంటాడు మామయ్య, రేసు ముందు ఇంటర్వ్యూలో అతని మొహం కాస్త పీక్కుపోయినట్టు కనిపిస్తే.

*

సాయంత్రం ఏడింటికి టీవీలో పదోసారి అదే చూపిస్తున్నారు. స్టాండులోంచి ఎవరో ఫోనుతో తీసిన వీడియో. దూరంగా తొమ్మిదో పోస్టు, నారింజ రంగు కోట్లు, నారింజ రంగు టోపీలు. ఎవరు ఎవరో తెలియదు. నలభై నాలుగు పడిన ఆరు సెకన్లకి పసుపు జెండా లేచింది. అప్పటికి పని అయిపోయింది.

"పదిహేడో నంబరు రేసరుకి ఆపరేషన్ ముగిసింది," అంది టీవీలో అమ్మాయి. "నడుము కింద స్పర్శ లేదని డాక్టర్లు చెబుతున్నారు. విచారణ రేపు పదకొండు గంటలకి. బాధ్యుడైన మార్షల్‌ని శాశ్వతంగా బహిష్కరించి, పేరు పోలీసులకి ఇస్తామని ట్రాక్ యాజమాన్యం ప్రకటించింది."

కోడలు అన్నం కలుపుతూ విన్నది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. నంజుకున్నది కారమో కాదో కూడా తెలియలేదు. చెయ్యి కంచానికీ నోటికీ మధ్య తిరుగుతోంది, అంతే.

ఆమె భర్త రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాడు. అతనికి ఈ గోల మొదటినుంచీ పట్టదు. గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేదానికి అంత తొందరేంటని తండ్రినీ పెళ్ళాన్నీ కలిపి ఏడిపిస్తుంటాడు. ఇవాళ ఆ ఊసెత్తలేదు.

"నాన్న తిన్నాడా?"

"వద్దన్నారు. గదిలో ఉన్నారు."

"ఆ కత్తెర గాడు అంత పరధ్యానంగా ఎలా ఉన్నాడు? గడ్డం గీసేప్పుడు కూడా అంతేనా? నేను ఎన్నిసార్లు మెడ అప్పగించానో వాడికి."

ఆమె ఫోను చూస్తోంది. పదిహేడు అభిమానుల గ్రూపులో ఆమె కూడా ఉంది. షీటు మీది సంగతి ఎలా పొక్కిందో గాని, అప్పటికే అక్కడ ఒక ఫోటో తిరుగుతోంది. సెలూన్ ముందు నిలబడి నవ్వుతున్న కత్తెర. కింద ఎవరో వీధి పేరు రాశారు. దాని కింద నాలుగు వందల మంది ఏమేం రాశారో ఆమె పైనుంచి కిందదాకా ఒక్కటీ వదలకుండా చదివింది. చదివినా ఏమీ తగల్లేదు.

"వీళ్ళు వాణ్ణి కొడతారండీ," అంది.

"వాడు ఇంట్లోంచి బయటికి రాకపోతే సరి."

"రేపు పేరు చదువుతారు. అప్పుడు ఇంట్లో ఉన్నా ఒకటే."

*

పొద్దున ఎనిమిదింటికి సెలూన్ షట్టరు సగం దించి ఉంది. ఆమె వంగి లోపలికి వెళ్ళింది. కుర్చీ ముందు అద్దానికి రాయి తగిలి సాలెగూడులా చీలింది. ఆ చీలికల్లో కనిపించే ఎదురు గోడంతా పదిహేడు బొమ్మలే. మోకాలు నేలకి రాస్తూ వంపు తిరుగుతున్న పదిహేడు, హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుంటున్న పదిహేడు. ఆ జుట్టు కావాలని వచ్చే కుర్రాళ్ళతోనే ఈ షాపు నడుస్తోందని కత్తెర గొప్పగా చెప్పుకునేవాడు.

అతను నేల మీద గాజు పెంకులు ఊడుస్తున్నాడు.

"చెల్లెమ్మా, చెప్పులు విప్పకు. గుచ్చుకుంటాయి."

"దెబ్బలేమైనా తగిలాయా అన్నా?"

"నాకు తగల్లేదు. ఆ కుర్చీకి తగిలింది. మూడేళ్ళ నుంచి మార్చాలనుకుంటున్నా, వాళ్ళే తేల్చేశారు." నవ్వబోయాడు, కుదరలేదు. "టీ తెప్పిస్తానని చెప్పలేను, ఎదురు కొట్టువాడు కూడా మనవాడే. పదిహేడు మనిషి. ఇవాళ నాకు టీ పోయడు."

"పదకొండింటికి ఏం చెబుతావు?"

"చెప్పేదేముంది? షీటులో ఉన్నదే."

"జెండా నీ చేతిలోనే ఉందా?"

"నా వంతు."

"వంతు అడగలేదు అన్నా. చెయ్యి అడిగాను."

అతను చీపురు ఆపాడు. చూపు అద్దం కింద బల్ల మీదికి వెళ్ళి, వెంటనే వెనక్కి వచ్చింది. ఆమె కూడా బల్ల వైపు చూసింది.

దువ్వెనల మధ్య, తడిసిన తువ్వాలు కింద, ఎర్రటి ప్లాస్టిక్ ముక్క. అరచెయ్యంత. అంచున తెల్లటి నాలుగు అంకె, ఇంకో నాలుగులో సగం.

ఆమెకి చదవనక్కర్లేదు. పద్నాలుగో ల్యాపులో జెండా లేవాల్సిన వేళకి ఆమె రాస్తున్నది దీని గురించే. పదమూడో ల్యాపులో నలభై నాలుగు ఇంకో బండిని రాసుకుని వెళ్ళాడు. తొడుగు ముక్క విరిగి ట్రాక్ పక్క కంకరలో పడింది. అది ట్రాక్ మీదికి దొర్లక ముందే ఎవరో ఒకరు వెళ్ళి తీయాలి.

"ఎప్పుడు తెచ్చావు ఇది?"

"అది... తరవాత..."

"తరవాత ఎలా తెస్తావు? పదిహేడు పడగానే కంకరకంతా తాడు కట్టేశారు. నేనూ అక్కడే ఉన్నాగా, ఒక్క కాలు దిగనివ్వలేదు. పడకముందే తెచ్చుండాలి, పదమూడులో బండ్లన్నీ పోయాకే దిగుంటావు. అంటే పద్నాలుగులో నువ్వు కంకరలో ఉన్నావు."

కత్తెర గాజు పెంకుల మధ్యే కూర్చుండిపోయాడు.

"పోలీసులు వచ్చేసరికి నా జేబులో ఉంది. ఇచ్చేయాలని తోచలేదు. విరిగిన బండి ముక్కలు దాచుకుంటాగా, నలభై నాలుగుది ఎప్పుడూ దొరకలేదు నాకు," అన్నాడు. "ఎంత సిగ్గులేని పనో చూడు. అక్కడ మనిషి పడున్నాడు, నా జేబులో ముక్కుంది."

"జెండా ఎవరికిచ్చి దిగావు?"

కత్తెర ఒక పెంకు ఏరి చీపురు పక్కన పెట్టాడు. చెప్పాల్సిన అవసరం లేదు. పోస్టులో ఉన్నది ముగ్గురు. ఒకరు కంకరలో, ఒకరు షెడ్డులో.

"చేతులు మారితే నీకు చెప్పి రాయించాలి. చెప్పలేదు. తప్పు నాదే అయింది," అన్నాడు చివరికి. "ఫోర్‌మన్ గారిని ఏమీ అనకు. ఆయన నన్ను ఆ గేటు లోపలికి చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాడు. నాకంటే షాపుంది, పిల్లలున్నారు. ఆయనకి ఆదివారం తప్ప ఏముంది?"

"షాపుందా," అంది ఆమె చీలిన అద్దం వైపు చూసి.

*

ఇంటికి వచ్చేసరికి మామయ్య స్నానాల గదిలో ఉన్నాడు. నీళ్ళ చప్పుడు వస్తోంది. ఆమె ఆయన గదిలోకి వెళ్ళి బల్ల మీది నోట్‌బుక్ తెరిచింది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే దిక్కు లేదు. మొగుడు పొద్దున పోతే రాత్రికి వస్తాడు. అత్తగారు పోయి అప్పటికే రెండేళ్ళు. ఒక ఆదివారం ఈ మనిషి సోఫాలో పక్కకి జరిగి, "కూర్చో అమ్మాయ్, ఆ పదిహేడో నంబరు నీలం బండివాణ్ణి చూస్తుండు, వంపులో భుజం ముందు పడేస్తాడు," అన్నాడు. అదీ మొదలు. ల్యాపు టైము రాయడం ఆయనే నేర్పాడు. ముగింపు గీత దగ్గర మెషీను చూపించే టైము అందరికీ దొరుకుతుంది, అది లెక్కలోది కాదంటాడు. ఆయన మాత్రం వంద మీటర్ల బోర్డు దగ్గర పదిహేడు ముందు చక్రం ఆనగానే వాచీ నొక్కుతాడు. మళ్ళీ ల్యాపు తిరిగి అక్కడికి వచ్చేదాకా. ఆ టైము ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదు. ఆ బోర్డు కేసి చూస్తూ నిలబడితేనే దొరుకుతుంది.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. జెండా చేతిలో ఉంటే వాచీ జేబులో. అందుకే తొమ్మిదేళ్ళ నోట్‌బుక్కుల్లో ఆయన వంతు వచ్చిన ల్యాపులన్నిటి దగ్గరా అడ్డగీతే.

నిన్నటి పేజీ తీసింది. ఒకటి, వాచీ మొదలు. రెండు నుంచి ఐదు, టైములు. ఆరు నుంచి పది, అడ్డగీతలు. పదకొండు, వాచీ మొదలు. పన్నెండు, పదమూడు, టైములు.

పద్నాలుగు, ఒక నిమిషం ముప్పై ఎనిమిది పాయింటు నాలుగు.

అక్షరం వంకర పోలేదు. గుండ్రంగా, ఫోర్‌మన్ చేతిరాత. దాని కింద ఖాళీ.

నీళ్ళ చప్పుడు ఆగింది. ఆమె నోట్‌బుక్ మూయలేదు. మామయ్య తల తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగి, ఆమెనీ పేజీనీ చూశాడు. తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

"కత్తెర చెప్పాడా?"

"చెప్పలేదు. వాడు మీ పేరు చెప్పేలా ఉంటే నేనీ పుస్తకం తెరవకపోదును."

"పదకొండు నుంచి పదిహేను నాకు వాచీ ల్యాపులు," అన్నాడు ఆయన, ఎవరికో లేత్ మెషీను పనితీరు వివరిస్తున్నట్టు. "వాడు కంకరలోకి దిగుతూ జెండా నా చేతిలో పెట్టాడు. పట్టుకున్నా. కానీ ఒళ్ళు మాత్రం వాచీ ల్యాపులోనే ఉంది. బండి చప్పుడు వినబడింది. ఎడమకి తిరిగా. బోర్డు దగ్గర నొక్కా. బాగా వస్తున్నాడు అమ్మాయ్. ఆ రోజంతటికీ అదే మంచి ల్యాపు."

"వెనక ఏం జరిగిందో చూడలేదు."

"వాణ్ణే చూస్తున్నా. నా ముందు నుంచి పోయేదాకా వాణ్ణే చూశా. చూస్తూ చూస్తూ పంపించా."

బయట ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తన్నుతున్నారు.

"నిన్న ఎందుకు అలా రాయించారు నా చేత?"

"నోటికి వచ్చేసింది. వాడి వంతేగా అని. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయా."

"ఇవాళ తీసుకోండి."

మామయ్య తల అడ్డంగా ఊపాడు. "నేనని తెలిస్తే ఆ గేటు మళ్ళీ తొక్కనివ్వరు. కత్తెర వయసులో ఉన్నాడు. రెండేళ్ళకి జనం మరిచిపోతారు. వాడొప్పుకున్నాడు కూడా. నువ్వు షీటు రాశావు, షీటులో ఉన్నది చెప్పు, చాలు. నేను నిన్ను అబద్ధం ఆడమనడం లేదుగా."

అదే అడుగుతున్నాడని ఇద్దరికీ తెలుసు. ఆమెకి కోపం రావాలి. రాలేదు. జాలి కూడా రాలేదు. మత్తు సూది వేసిన పంటి చిగురులా లోపలంతా మొద్దుబారి ఉంది. ఎక్కడ నొక్కినా అక్కడో మనిషి ఉన్నాడని తెలుస్తోంది గాని నొప్పి తెలియడం లేదు.

"చొక్కా ఇస్త్రీ చేసి పెట్టా," అంది. "పదింటికి బయల్దేరాలి."

*

విచారణ గది కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు బయట మూడు వందల మంది దాకా ఉన్నారు. పదిహేడు నంబరున్న టోపీలు, జెండాలు, ఎవరి చేతిలోనో కత్తెర ఫోటో. అరుపులు లేవు. అరిస్తే నయమనిపించింది ఆమెకి.

బల్లకి అటువైపు విచారణాధికారి. ఒకప్పుడు తనే రేసులు తోలి, కాలు విరిగి మానేసిన మనిషి. ఇటువైపు మూడు కుర్చీలు. మామయ్య, కత్తెర, ఆమె.

"ఎక్కువసేపు పట్టదు," అన్నాడు అధికారి షీటు తిప్పుతూ. "పద్నాలుగో ల్యాపు. జెండా ఎవరి దగ్గర?"

"నా దగ్గరండీ," అన్నాడు కత్తెర.

"ఎటు చూస్తున్నావు?"

కత్తెర ఆ ప్రశ్నకి తయారై రాలేదు. "ఎటో... కింద ఏదో..."

"ఏదో అంటే? ఒక మనిషి కాళ్ళు పోయాయి. ఏదో అంటావేంటి?"

అధికారి మామయ్య వైపు తిరిగాడు. "పోస్టు పెద్ద మీరు. మీరేమంటారు?"

"షీటులో ఉంది కదండీ," అన్నాడు మామయ్య. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం మోకాళ్ళ మీద నుంచి కదల్లేదు.

"సరే." అధికారి ఒక కాగితం ముందుకు తోశాడు. పైన కత్తెర పేరు టైపు చేసి ఉంది. "ఇక్కడ సంతకం పెట్టు. బయట మైకులో చదివేస్తారు. నువ్వు వెనక గేటులోంచి పో, ముందుకి రాకు. పోలీసులు అక్కడే ఉన్నారు." తరవాత ఆమె వైపు చూశాడు. "షీటు రాసింది మీరేగా. రాసింది నిజమని మీరూ ఒక సంతకం పెట్టాలి."

పెన్ను ఆమె చేతికి వచ్చింది. ఆమె పట్టుకుంది.

"రాసింది నేనే," అంది. "చూసింది నేను కాదు. ఒకరు చెబితే రాశాను."

"ఎవరు చెబితే?"

"చెల్లెమ్మా," అన్నాడు కత్తెర మెల్లగా. "వద్దు."

ఆమె పెన్ను కాగితం మీద పెట్టేసింది. పక్కకి తిరిగింది. మామయ్య ఆమెనే చూస్తున్నాడు, సోఫాలో పక్కకి జరిగిన మనిషే. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన నోరు విప్పడానికి ఎంతసేపు కావాలో అంతసేపూ ఆమె ఆగింది. కిటికీ బయట మైకు పరీక్షిస్తున్నారు. ఒకటి, రెండు, ఒకటి, రెండు.

"మీరు చెబుతారా మామయ్యా?"

ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు.

కోడలు అధికారి వైపు తిరిగింది. కంట్రోల్ రూములో చిరునామా తిరిగి చదివి వినిపించే గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"పద్నాలుగో ల్యాపులో కత్తెర అన్న కంకరలో ఉన్నాడండీ. జెండా పట్టుకుని పల్లం వైపు చూడనిది మా మామయ్య."